భేరీఘోష నుంచి ధర్మఘోష దాకా: నిచిదత్సు ఫుజీ గురూజీ జీవితం

వైశాఖ పూర్ణిమ ఊరేగింపు ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి మన బిలాస్‌పూర్ ఉపాసకులు కూర్చున్న ఒక సాయంత్రం డప్పు విషయమై వాదన వచ్చింది. ఊరేగింపు ముందు డప్పులు మోగాలని యువకులు పట్టుబట్టారు. రైల్వే ఉద్యోగం నుంచి విరమించిన ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. శ్రీకాకుళం జిల్లాలోని తమ ఊరిలో చావు కబురుకూ, చాటింపుకూ, జాతరకూ డప్పు కొట్టడం తన తాతకు తప్పని వెట్టి అయ్యేదని ఆయన చెప్పారు. రైలు పట్టాల మీద గ్యాంగు పని దొరికిన రోజున ఆ తాత డప్పును దూలానికి తగిలించి వచ్చేశాడట. మళ్లీ దాన్ని ముట్టలేదట. చచ్చిన పశువును మోయడం మానండని బాబాసాహెబ్ చెప్పిన తరువాత ఆ పశువు తోలుతో చేసిన వాద్యాన్ని బుద్ధుని ఎదుట ఎలా మోగిస్తామన్నది ఆయన ప్రశ్న. యువకులకు అది తమ జాతి కళ. పెద్దాయనకు అది తమ జాతి గాయం. ఆ రోజు మాట తేలలేదు.

చరిత్ర బోధించేవాడినని నన్నూ అడిగారు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఇంటికి వెళ్లిన తరువాత గుర్తుకు వచ్చింది ఒక జీవితం. చేతిలో తోలు వాద్యంతో, పెదవులపై 7 అక్షరాల మంత్రంతో దాదాపు 70 ఏళ్లు లోకమంతా తిరిగిన జపాన్ భిక్షువు నిచిదత్సు ఫుజీ జీవితం అది. భారతదేశం ఆయనను ఫుజీ గురూజీ అని పిలుచుకుంది. రాజగృహంలో, ధౌళిలో తెల్లని శాంతి స్తూపాలను చూసినవారందరికీ ఆయన పని తెలుసు. ఆయన కథ తెలిసినవారు తక్కువ. ఆ కథను, అందులోని వెలుగుతోపాటు మచ్చనూ దాచకుండా, ఈ సంచిక పాఠకుల ముందుంచుతున్నాను.

జననం, ప్రవ్రజ్య

నిచిదత్సు ఫుజీ 1885 ఆగస్టు 6న జపాన్ దక్షిణాన ఉన్న క్యూషూ ద్వీపంలో, కుమమొతో ప్రాంతంలోని అసో అగ్నిపర్వతం దాపున, ఒక రైతు కుటుంబంలో జన్మించారు. అది జపాన్ బౌద్ధానికి గడ్డుకాలం. 1868లో మైజీ చక్రవర్తి పాలన మొదలైన వెంటనే ప్రభుత్వం షింతో దేవాలయాలనూ బౌద్ధ విహారాలనూ విడదీసింది. ఆ ఊపులో ఎన్నో విహారాలు ధ్వంసమయ్యాయి, ఎన్నో ప్రతిమలు అమ్ముడుపోయాయి. కర్మాగారాలు, సైన్యం, కొత్త చదువులు యువకులను తమవైపు లాగుతున్న రోజులవి.

అటువంటి రోజుల్లో, ఉసుకి పట్టణంలోని వ్యవసాయ పాఠశాలలో చదివిన ఈ రైతుబిడ్డ 1903లో తల ముండనం చేయించుకుని కాషాయం ధరించారు. ఆయన స్వీకరించింది నిచిరెన్ సంప్రదాయం. తరువాత ఆ సంప్రదాయపు కళాశాలలో విద్య ముగించి, అంతటితో ఆగక ఇతర బౌద్ధ శాఖల సిద్ధాంతాలనూ ఆయా పండితుల వద్ద అధ్యయనం చేశారు. తాను నమ్మబోయేదాన్ని పోల్చిచూసిన తరువాతే నమ్మాలన్నది ఆయన పద్ధతి. కాలామ సూత్రం చదువుకున్న మన పాఠకులకు ఈ పద్ధతి కొత్తది కాదు.

చండాలుని కుమారుడినని చెప్పుకున్న గురువు

ఫుజీ జీవితం అర్థం కావాలంటే ఆయనకు ఆరు శతాబ్దాలకు పైగా ముందున్న నిచిరెన్ గురించి నాలుగు మాటలు తెలియాలి. నిచిరెన్ (1222-1282) సముద్రతీరంలోని పల్లెలో జన్మించారు. ఆనాటి జపాన్‌లో పేరుమోసిన మతగురువులలో చాలామంది ఉన్నత వంశీయులు. నిచిరెన్ మాత్రం తాను సముద్రపుటొడ్డున బతికే చండాల కుటుంబపు కొడుకునని తన రచనల్లో స్వయంగా రాసుకున్నారు. చేపలు పట్టి, ప్రాణులను చంపి బతికేవారిని నీచులుగా చూసిన సమాజంలో ఆ మాటను దాచుకోకుండా రాయడానికి గుండెధైర్యం కావాలి. పాలకులను విమర్శించినందుకు ఆయనను రెండుసార్లు, 1261లో ఇజూకు, 1271లో సాదో ద్వీపానికి ప్రవాసం పంపారు.

సద్ధర్మ పుండరీక సూత్రమే బుద్ధుని బోధనలన్నింటి సారమనీ, ఆ సూత్రం పేరును శ్రద్ధతో ఉచ్చరించడమే సామాన్యునికి అందే సాధన అనీ ఆయన 1253లో ప్రకటించారు. ఆ మంత్రం జపాన్ పలుకులో న-ము-మ్యో-హో-రెన్-గె-క్యో. విదేశీ శబ్దంలా వినిపించే ఈ 7 అక్షరాలలో మొదటి రెండు మన నమః శబ్దమే. మ్యోహో అంటే సద్ధర్మం, రెంగె అంటే పుండరీకం, క్యో అంటే సూత్రం. క్రీ.శ. 406లో కుమారజీవుడు చైనా భాషలోకి అనువదించిన గ్రంథం పేరును జపాన్‌వారు తమ నాలుకకు అనువుగా మలచుకున్నారు. మన నేల మాటే అంత దూరం ప్రయాణించి, రూపు మార్చుకుని, తిరిగి మన చెవిని పడుతోంది.

శబ్దం చిత్రమైన తీరు

జపాన్ విహారాలకు తమవైన శబ్దాలున్నాయి. తాళ్లతో వేలాడదీసిన పెద్ద దుంగతో బయటినుంచి మోదే కంచుగంట ఒకటి; దాని నాదం చాలాసేపు గాలిలో నిలుస్తుంది. పారాయణ లయకు తాళం వేసే చెక్క వాద్యం మరొకటి. నిచిరెన్ అనుయాయులు వీటితోపాటు విసనకర్ర ఆకారపు చేతి డప్పును వాడతారు. గుండ్రని చట్రానికి ఒకే పొర తోలు బిగించి, కింద పిడి అమర్చి, చిన్న కర్రతో కొడతారు. మన పలకను ఎడమచేత పట్టుకుని కొట్టినట్టే ఉంటుంది. మంత్రంలోని ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ.

నిచిరెన్ ఈ శబ్దాన్ని వినడానికే కాక చూడడానికి కూడా ఒక రూపమిచ్చారు. అదే ఆయన రాసిన మహామండలం. అందులో మనిషి బొమ్మ లేదు, ప్రతిమ లేదు, పద్మం లేదు. పటం నడుమ పైనుంచి కిందికి మంత్రాక్షరాలు పెద్దవిగా ఉంటాయి. వాటికి అటూ ఇటూ శాక్యముని పేరు, ప్రభూతరత్న బుద్ధుని పేరు, బోధిసత్వుల పేర్లు, నాలుగు మూలలా నలుగురు లోకపాలకుల పేర్లు. అక్షరాల కొసలు మీసాల్లా నలువైపులా పొడుగ్గా సాగుతాయి. ధర్మం నుంచి వెలువడే కాంతికి అవి గుర్తులని ఆ సంప్రదాయం చెబుతుంది. రెండు పక్కలా ఉన్న రెండు పెద్ద అక్షరాలు మాత్రం చైనా లిపివి కావు. అవి మన బ్రాహ్మీ లిపి సంతతికి చెందిన సిద్ధం అక్షరాలు.

ఈనాటి చిత్రకారులు వస్తురూపం లేని చిత్రాన్ని నైరూప్య చిత్రమంటారు. వేర్వేరు ముక్కలను ఒకే తలం మీద అతికించి కూర్చినదాన్ని కొలాజ్ అంటారు. 13వ శతాబ్దపు ఈ పటాన్ని చూస్తే ఆ రెండు మాటలూ గుర్తుకువస్తాయి. రెండు లిపులు, పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, బుద్ధుల పేర్లు, దేవతల పేర్లు, అన్నీ ఒక కాగితం మీద ఒక శబ్దం చుట్టూ చేరాయి. డప్పు మోగినప్పుడు చెవికి వినిపించేదే పటం మీద కంటికి కనిపిస్తుంది. చదువు రానివారికి డప్పు, చదువు వచ్చినవారికి పటం. ఫుజీ గురూజీ తన జీవితాంతం ఈ రెంటినీ వెంట ఉంచుకున్నారు.

డప్పు చేతపట్టిన రోజు

చదువు ముగిసిన తరువాత ఆయన చాలాకాలం తన దారి వెతుక్కున్నారు. ఉపవాసాలు, చన్నీటి జలపాతాల కింద జపం, ఏకాంతవాసం ఆ వెతుకులాటలోని మజిలీలు. 1917లో ఒక నిర్ణయానికి వచ్చారు. విహారంలో కూర్చుని భక్తుల కోసం ఎదురుచూడడం మాని, డప్పు తీసుకుని వీధిలోకి నడిచారు. ఆ ఏడాది తోక్యోలో చక్రవర్తి కోట ఎదుట డప్పు కొడుతూ మంత్రోచ్చారణ చేయడంతో ఆయన కార్యాచరణ మొదలైంది. అలా పుట్టిన సంఘమే నిప్పొన్‌జాన్ మ్యోహోజీ. దాని తొలి విహారం 1918లో జపాన్‌లో కాక మంచూరియాలో వెలిసింది. 1923 సెప్టెంబరులో తోక్యో ప్రాంతాన్ని కుదిపి లక్షమందికి పైగా బలిగొన్న భూకంపం తరువాత ఆయన స్వదేశం చేరారు. 1924లో ఫుజీ పర్వతం దిగువన తగొనోఉరాలో జపాన్‌లోని మొదటి విహారం కట్టారు.

1930లో తల్లి మరణించారు. ఇక స్వదేశంలో ఆయనను కట్టిపడేసే బంధం మిగలలేదు. చంద్రుని దేశమైన భారతం నుంచి తూర్పుకు వచ్చిన ధర్మం ఒకనాడు సూర్యుని దేశమైన జపాన్ నుంచి తిరిగి పడమటికి వెళుతుందని నిచిరెన్ రాశారు. ఆ మాటను ఫుజీ తనకు అప్పగించిన పనిగా భావించారు. ఆయన దృష్టిలో అది అప్పు తీర్చడం. తమకు ధర్మాన్నిచ్చిన దేశంలోనే ధర్మం కనుమరుగైనప్పుడు తెచ్చుకున్నవారు తిరిగి ఇవ్వాలి కదా!

భారతదేశంలో

1931 జనవరిలో ఆయన కలకత్తాలో దిగారు. ఆ సంవత్సరానికి మన కథలో కూడా చోటుంది. అనాగారిక ధర్మపాలుని సంకల్పంతో సారనాథ్‌లో మూలగంధకుటీ విహారం ప్రారంభమైనది 1931 నవంబరులోనే. విజయనగరాన్ని పార్వతీపురం మీదుగా రాయపూర్‌తో కలిపే రైలుమార్గం పూర్తయినదీ 1931లోనే. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మనవారిని ఛత్తీస్‌గఢ్‌కు తెచ్చిన దారి అది. ధర్మం తిరిగివచ్చిన దారీ, వెట్టి నుంచి మనం బయటపడిన దారీ ఒకే ఏడాది తెరుచుకున్నాయి.

ఇక్కడి భాషలేవీ తెలియని ఫుజీకి డప్పే భాష అయింది. బుద్ధుడు నడిచిన స్థలాలను దర్శించారు. బొంబాయి వర్లీలో ఆయన సంఘం వేసిన పునాది మీద జపాన్ విహారం నేటికీ నిలిచి ఉంది. 1933 అక్టోబరు 4న వార్ధాలో ఆయన గాంధీజీని కలిశారు. అప్పటికి ఫుజీ వయసు 48 ఏళ్లు. గురూజీ అన్న పిలుపు గాంధీజీ నోటనే మొదలైందని ఆయన శిష్యులు చెబుతారు. ఆయన శిష్య భిక్షువులు గాంధీ ఆశ్రమంలో ఉండి ఉదయం, సాయంత్రం డప్పు మోగించారు. ఆ 7 అక్షరాల మంత్రం ఆశ్రమ ప్రార్థనలో మొదటి స్థానం పొందింది. సేవాగ్రామ్ ప్రార్థనలో ఈనాటికీ అది ఉంది.

ఇక్కడ అంబేడ్కర్ మార్గీయులమైన మనకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. దాన్ని దాటవేయడం చరిత్రకారునికి తగదు. పుణె ఒడంబడిక జరిగింది 1932 సెప్టెంబరులో. ఫుజీ వార్ధా చేరినది సరిగ్గా ఏడాది తరువాత. ఆ మరుసటి నెలలోనే గాంధీజీ వార్ధా నుంచి హరిజన యాత్ర ప్రారంభించి మన బిలాస్‌పూర్‌కూ వచ్చారు. మరో రెండేళ్లకు, 1935 అక్టోబరులో, యేవలాలో బాబాసాహెబ్ తాను హిందువుగా మరణించనని ప్రకటించారు. దేశంలో ఇంత పెనుగులాట జరుగుతుంటే ఈ జపాన్ భిక్షువు గాంధీజీలో అహింసను చూశారు. ఆయన చూపు యుద్ధాల మీద నిలిచింది, కులం మీద కాదు. ఈ లోటును మనం గుర్తించాలి. అయితే గాంధీజీని గౌరవించినందుకే ఆయనను పరాయివాణ్ని చేసుకోనక్కరలేదు. బాబాసాహెబ్ మనకు నేర్పినది పరిశీలించడం. ఒకరి పేరు వినగానే తలుపు మూయడం కాదు.

మచ్చ

గురూజీ జీవితంలో మరింత బరువైన అధ్యాయం యుద్ధకాలం. మంచూరియాను ఆక్రమించి, చైనా మీద విరుచుకుపడిన జపాన్ సామ్రాజ్యం ఆసియాకు విముక్తి తెస్తున్నామని చెప్పుకుంది. ఆనాటి జపాన్ బౌద్ధ శాఖలు చాలావరకు ఆ మాటను నమ్మాయి, లేక నమ్మినట్టు నటించాయి. నిప్పొన్‌జాన్ మ్యోహోజీ దీనికి మినహాయింపు కాదు. ఆ సంఘం తొలి విహారం నిలిచిన మంచూరియాయే ఆక్రమణకు మొదటి మెట్టు. ఆ సంఘ భిక్షువులు సైన్యం అడుగుపెట్టిన చోట్ల డప్పు మోగించారు. గురూజీ స్వయంగా సైనిక నాయకులకు బుద్ధ ధాతువులను అందజేశారు. ఇటు భారతదేశంలో, 1941 డిసెంబరులో జపాన్ యుద్ధంలోకి దిగగానే సేవాగ్రామ్‌లో ఉన్న జపాన్ భిక్షువును బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. అహింసా మంత్రం జపించిన ఆశ్రమంలోనూ, చైనా యుద్ధభూమిలోనూ మోగినది అదే డప్పు. ఈ వైరుధ్యాన్ని ఏ భక్తీ కప్పిపుచ్చలేదు.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడింది. ఆ రోజు ఫుజీ గురూజీకి సరిగ్గా 60 ఏళ్లు నిండాయి. మూడు రోజులకు ఆయన పుట్టిన క్యూషూ ద్వీపంలోనే నాగసాకి దగ్ధమైంది. సామాన్యంగా 60 ఏళ్లకు మనిషి విశ్రాంతి కోరుకుంటాడు. గురూజీ అక్కడ తన జీవితాన్ని మళ్లీ మొదలుపెట్టారు. ఆయుధాలు పట్టడం, ఆయుధాలు తయారుచేయడం, ఆయుధాలను సమర్థించడం, ఏదీ బుద్ధమార్గంలో చెల్లదన్న తీర్మానానికి వచ్చి, మిగిలిన 40 ఏళ్లు దాని మీదనే నిలబడ్డారు.

స్తూపాలు

సద్ధర్మ పుండరీక సూత్రంలో ఒక ఘట్టముంది. బుద్ధుడు బోధిస్తుండగా రత్నఖచితమైన స్తూపం ఒకటి నేలను చీల్చుకుని పైకిలేచి ఆకాశంలో నిలుస్తుంది. అందులోనుంచి ప్రభూతరత్న బుద్ధుడు ఆ బోధ సత్యమని సాక్ష్యమిస్తాడు. గురూజీ ఈ ఘట్టాన్ని కావ్య కల్పనగా వదిలేయలేదు. కాలిపోయిన నేల నుంచి స్తూపాలు లేవాలని సంకల్పించారు. కుమమొతోలోని హనఒక కొండమీద మొదటి శాంతి స్తూపం నిర్మాణం మొదలై 1954లో పూర్తయింది. ప్రధాని నెహ్రూ బుద్ధ ధాతువులను బహూకరించారు.

అవి ఊరికే మొక్కి వెళ్లే కట్టడాలు కాలేదు. 1956లో తోక్యో సమీపాన సునగావా గ్రామంలో అమెరికా వైమానిక స్థావరాన్ని విస్తరించడానికి రైతుల పొలాలు తీసుకోబోతే, గురూజీ శిష్యులు కాషాయ వస్త్రాలతో వెళ్లి పోలీసులకూ ప్రజలకూ మధ్య కూర్చున్నారు. లాఠీ దెబ్బలు తిన్నారు, డప్పు ఆపలేదు. ఆ విస్తరణ చివరకు ఆగిపోయింది. చక్రవర్తి కోట ముందు మొదలైన డప్పు రైతుల పొలాల దగ్గరికి చేరడానికి 39 ఏళ్లు పట్టింది.

తరువాత ఆయన మళ్లీ భారతదేశం వైపు తిరిగారు. సద్ధర్మ పుండరీకాన్ని బుద్ధుడు బోధించాడని చెప్పే గృధ్రకూటం పక్కనే, రాజగృహంలోని రత్నగిరి మీద విశ్వశాంతి స్తూపానికి 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ శంకుస్థాపన చేశారు. 1969 అక్టోబరు 25న రాష్ట్రపతి వి.వి. గిరి దాన్ని ప్రారంభించారు. ఇద్దరూ తెలుగువారే. వారిలో గిరిగారు మన రైల్వే కుటుంబాలకు మరింత దగ్గరివారు. బరంపురంలో పుట్టిన ఆయన 1920లలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపి, ఉద్యోగాలు పోయిన కార్మికుల కోసం శాంతియుతమైన సమ్మె సాగించారు. మన బిలాస్‌పూర్ ఆ రైల్వేలోని ముఖ్య కేంద్రాలలో ఒకటి. మన తాతల కొలువుల కోసం నిలబడ్డ మనిషి చేతుల మీదుగానే ఆ స్తూపం లోకానికి తెరుచుకుంది. స్తూపం నాలుగు వైపులా బుద్ధుని జననం, సంబోధి, ధర్మోపదేశం, మహాపరినిర్వాణం బంగారు వన్నె ప్రతిమలుగా కొలువుతీరాయి.

ఆ కాలంలోనే రాజగృహంలోని ఈ జపాన్ విహారానికి వచ్చిన యువభిక్షువు ఒకరు అక్కడినుంచి నాగపూర్ చేరి, దీక్షాభూమి ప్రజలలో కలిసిపోయి, భారత పౌరుడై, అంబేడ్కర్ ఉద్యమానికి జీవితాన్ని అంకితం చేశారు. ఆయనే భదంత సురై ససాయి. గురూజీ చూపు పడని కులసమస్య మీద ఆ ఇంటినుంచి వచ్చిన మరొక భిక్షువు చూపు పడింది. ఒక తరం విడిచిన పనిని మరో తరం అందుకోవడం చరిత్రలో తరచు కనిపించేదే.

ధౌళి

1972లో భువనేశ్వర్ దగ్గర ధౌళి కొండమీద శాంతి స్తూపం పూర్తయింది. గురూజీ కట్టించిన స్తూపాలన్నింటిలో మనకు అత్యంత ఆత్మీయమైనది ఇదే. కళింగ యుద్ధాన్ని తలపించే నేల అది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు ప్రాచీన కళింగంలో భాగాలు. అశోకుని సైన్యం కింద నలిగినవారిలో మన పూర్వీకులూ ఉన్నారని చెప్పడానికి పెద్ద ఊహ అక్కరలేదు.

ఆ కొండ పాదాన ఏనుగు శిల్పం కింద అశోకుని శాసనాలు చెక్కి ఉన్నాయి. వాటిలో నాలుగవ శాసనంలో చక్రవర్తి ఒక విశేషమైన మాట చెక్కించాడు. తన ధర్మాచరణ ఫలితంగా భేరీఘోష ధర్మఘోషగా మారిందని దాని భావం. యుద్ధానికి పిలిచే నగారా ధర్మానికి పిలిచే నగారా అయిందన్నమాట. అశోకుడు నగారాను పగలగొట్టించలేదు. దాని పిలుపును మార్చాడు. సంబోధి తరువాత కాశీకి వెళ్తున్న బుద్ధుడు దారిలో కలిసిన ఉపకునితో తాను అమృత దుందుభి మోగించబోతున్నానని చెప్పినట్టు పాలి వాఙ్మయం చెబుతుంది. బుద్ధుడు తన తొలి బోధకు ఎంచుకున్న ఉపమానంలోనూ తోలు వాద్యమే ఉంది.

ధౌళి మీద నిలబడి చూస్తే గురూజీ జీవితం మొత్తం ఆ ఒక్క శాసనానికి వ్యాఖ్యానంలా తోస్తుంది. సైన్యం వెంట మోగిన డప్పునే ఆయన అణ్వాయుధాల ఎదుట మోగించారు. కళింగం తరువాత అశోకునికి కలిగినదే హిరోషిమా తరువాత ఆయనకూ కలిగింది. మచ్చ చెరిగిపోలేదు, మచ్చ ఉన్న చెయ్యే డప్పును ధర్మానికి తిప్పింది.

చివరి నడకలు

90 ఏళ్లు దాటినా గురూజీ ఆగలేదు. 1978లో అమెరికా మూలవాసులు తమ నేల హక్కుల కోసం పడమటి తీరం నుంచి వాషింగ్టన్ దాకా నడిచినప్పుడు ఆయన భిక్షువులు డప్పులతో వారితో కలిసి నడిచారు. సొంత దేశంలోనే వెలివేతకు గురైనవారి పక్కన నిలబడడం ఆయన సంఘం అప్పటికి నేర్చుకున్న పాఠం. అదే 1978వ సంవత్సరానికి భారత ప్రభుత్వం ఆయనకు అంతర్జాతీయ అవగాహన కోసం ఇచ్చే జవహర్‌లాల్ నెహ్రూ పురస్కారం ప్రకటించింది. 1980లో ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో, 1983లో ఆస్ట్రియాలోని వియన్నాలో శాంతి స్తూపాలు లేచాయి. 1985 జనవరి 9న, నూరేళ్లకు కొద్ది నెలల ముందు, ఆయన శాశ్వతంగా కన్నుమూశారు. ఆయన తరువాత లేహ్‌లో, డార్జిలింగ్‌లో, వార్ధాలో శిష్యులు స్తూపాలు పూర్తిచేశారు.

వంగిన తల

గురూజీ ఎక్కువగా తలచుకున్నది సద్ధర్మ పుండరీకంలోని సదాపరిభూత బోధిసత్వుని కథ. ఆ బోధిసత్వుడు సూత్రాలు పారాయణ చేయలేదు, వాదాలు గెలవలేదు. ఎదురైన ప్రతి మనిషికీ నమస్కరించి, నీవు బుద్ధుడవు కాగలవు, నిన్ను తక్కువచేయను అని చెప్పేవాడు. జనం రాళ్లతో, కర్రలతో కొట్టినా దూరంగా జరిగి, అక్కడినుంచి మళ్లీ నమస్కరించేవాడు. గురూజీ, ఆయన శిష్యులు డప్పు కొడుతూ ఎదురైనవారికి తల వంచడం ఈ కథనుంచి వచ్చిందే. ఎవరిని చూసి నీడ కూడా తగలకూడదని సమాజం తొలగిపోయిందో వారికీ తల వంచడం కంటే కులానికి పెద్ద ఖండన ఏముంటుంది? గురూజీ కులం గురించి ఉద్యమించి ఉండకపోవచ్చు. ఆయన చేసిన నమస్కారం మాత్రం మన పక్షాననే ఉంది.

ఇక మన డప్పు మాట. గురూజీ జీవితం చదివాక నాకు తోచినది ఇది. తోలులో నీచం లేదు. జపాన్‌లో అదే తోలు, అదే కర్ర పూజ్యమైనాయి. నీచమంతా బలవంతంలో ఉంది. రమ్మన్నప్పుడు రావాలి, కొట్టమన్నప్పుడు కొట్టాలి, గింజలు విసిరితే ఏరుకోవాలి అన్న కట్టుబాటులో ఉంది. బాబాసాహెబ్ మానమన్నది ఆ కట్టుబాటును. ఇష్టపడి పట్టుకున్న డప్పు వెట్టి కాదు. అలాగని పెద్దాయన బాధ తప్పని అనను. జపాన్ భిక్షువు చేతిలో ఆ వాద్యం ఎన్నడూ అవమానపు గుర్తు కాలేదు. తాత చేతిలో అయింది. రెండూ ఒకటేనని తేలికగా చెప్పేయడానికి మనకు హక్కు లేదు. దూలానికి తగిలించి వచ్చిన ఆ తాత చేసినదీ గౌరవప్రదమైన పనే. అది ఆయన తీసుకున్న దీక్ష.

అందువల్ల డప్పు మోగాలా వద్దా అన్న నిర్ణయం, దాన్ని బలవంతంగా మోసిన కుటుంబాలదే కావాలి. మోగితే ధర్మఘోషగా మోగాలి. పిలిచేది ఊరి పెత్తందారు కాక బుద్ధుడు కావాలి. మోగకపోతే ఆ మౌనాన్ని కూడా యువకులు గౌరవించాలి. వచ్చే వైశాఖ పూర్ణిమకు ఈ మాట మళ్లీ వస్తుంది. ఆ రోజు అందరికంటే ముందు ఆ పెద్దాయనే మాట్లాడాలని, మిగిలినవారం తల వంచి వినాలని నా కోరిక.